కుక్కకు టీకాలన్నీ వేయించాం కదా!

ప్రశ్న: డాక్టరుగారూ, మా అత్తయ్యకు 61 ఏళ్ళు. యాక్సిడెంట్ అయినప్పుడు ఆమె ప్లీహం (స్ప్లీన్) తీసేశారు. రోజూ సాయంత్రం బాల్కనీలో కూర్చుని అనపకాయలు ఒలుస్తుంటే మా కుక్క రాజా ఆమె మడమల పగుళ్ళు నాకుతుంటాడు. "కుక్క నాకితే పుండు మానుతుంది" అంటారు ఆమె. టీకాలన్నీ వేయించాం కాబట్టి భయం లేదంటారు మావారు. నాకేమో టెన్షన్.
– ఒక కోడలు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: మీ భయం సరైనదేనమ్మా. ఈ రోజు నుంచే మాన్పించండి.

రాజా టీకాలు రేబిస్‌ లాంటి జబ్బులకు. నోట్లో మామూలుగా ఉండే బ్యాక్టీరియా వాటితో పోదు. అందులో ఒకటి క్యాప్నోసైటోఫాగా కానిమోర్సస్. లాటిన్‌లో కానిమోర్సస్ అంటే కుక్కకాటనే అర్థం. కుక్కకు దానివల్ల ఏ జబ్బూ రాదు, మనలో చాలామందికీ ఏమీ కాదు. కానీ రక్తంలోంచి ఇలాంటి క్రిముల్ని వడగట్టేది ప్లీహమే. అది లేనివాళ్ళకు కాటే పడక్కర్లేదు, పగిలిన చర్మాన్ని నాకినా చాలు. కొద్ది రోజుల్లో చలిజ్వరం, వాంతులు మొదలై, బీపీ పడిపోయి, వేళ్ళు నల్లబడి ప్రాణం మీదికి రావచ్చు.

కాబట్టి అత్తయ్యకు చలితో జ్వరం వస్తే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళి, ముందు ఈ రెండు మాటలు చెప్పండి: ప్లీహం లేదు, ఇంట్లో కుక్క ఉంది. చాలా ఏళ్ళ కిందట నా దగ్గరికి ఒక పెద్దాయన చెయ్యి బూరెలా వాచి వచ్చారు. పిల్లి కొరికిందని నేను గుచ్చిగుచ్చి అడిగితే గానీ చెప్పలేదు. రేబిస్ ఇంజెక్షన్ అయిపోయింది కదా, ఇంకెందుకు చెప్పడం అనుకున్నారట! రేబిస్ వైరస్ వల్ల వచ్చేది, దాని ఇంజెక్షన్ బ్యాక్టీరియాను ఆపదు. పిల్లి పళ్ళు సూదుల్లా లోతుగా దిగుతాయి. పిల్లి నోట్లో ఉండే పాస్చురెల్లా అనే బ్యాక్టీరియా అయితే ఒక్క రోజులోనే వాపు తెస్తుంది.

ఎప్పుడైనా కాటు పడితే సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం పెట్టొద్దు. రేబిస్ టీకాతోపాటు, చీము పట్టేదాకా ఆగకుండా అదే రోజు యాంటీబయాటిక్ అడగండి. సాధారణంగా అమాక్సిసిలిన్–క్లావులనేట్ ఇస్తారు. పెన్సిలిన్ పడకపోతే ముందే చెప్పాలి.

రాజాను ఎవరికీ ఇచ్చెయ్యక్కర్లేదు. అత్తయ్య మడమలకు రాత్రి వ్యాజిలిన్ రాసి, బాల్కనీలో కూర్చునేటప్పుడు సాక్సులు తొడగండి. న్యుమోకోకల్, మెనింగోకోకల్, హిబ్ అనే బ్యాక్టీరియా జబ్బుల టీకాలు ఆమె వేయించుకున్నారో లేదో కనుక్కోండి. ప్లీహం లేనివాళ్ళకు అవి తప్పనిసరి. జ్వరమొస్తే వెంటనే వేసుకోవడానికి ఇంట్లో యాంటీబయాటిక్ ఉంచుకోవాలా అని ఆమె డాక్టర్ని అడగండి. "ప్లీహం తీసేశారు" అని ఒక చీటీ రాసి ఆమె పర్సులో పెట్టండి. అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్ళేది మీరే కాకపోవచ్చు.