కొత్త టేబుల్ వచ్చినప్పుడల్లా గ్రాంట్ మళ్లీ కొట్టాలా?

మీ ఇబ్బంది నాకు అర్థమైనంత వరకు ఇదీ: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో రిపోర్టుల యూజర్‌కి సేల్స్ స్కీమాలో (స్కీమా అంటే టేబుల్స్‌ని గుంపుగా పెట్టుకునే అర) అన్ని టేబుల్స్ మీదా గ్రాంట్ కమాండ్‌తో సెలెక్ట్, అంటే చదివే అనుమతి, ఇచ్చారు, పని చేసింది. డెవలపర్లు కొత్త టేబుల్ పెట్టగానే ‘పర్మిషన్ డినైడ్’. ఇకపై వచ్చే టేబుల్స్‌కి ముందే అనుమతి రాసిపెట్టే ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్ కూడా కొట్టి చూశారు, అయినా అదే గోల.

ఈ గోతిలో నేనూ పడ్డాను. ఒకటో తారీఖు పొద్దున్నే అకౌంట్స్ వాళ్ల ఫోన్, రిపోర్టు రావట్లేదని. గ్రాంట్ కొట్టేసి టీ తాగడానికి వెళ్లిపోయేవాణ్ణి. మళ్లీ నెల అదే ఫోన్. సిగ్గు విడిచి చెప్తున్నా, కొన్నాళ్లు రోజూ రాత్రి దానంతటదే గ్రాంట్ కొట్టే క్రాన్ జాబ్ ఒకటి పెట్టి నెట్టుకొచ్చాను.

గ్రాంట్‌లో రాసే ‘ఆన్ ఆల్ టేబుల్స్ ఇన్ స్కీమా’ అన్నది ఆ క్షణాన ఉన్న టేబుల్స్ వరకే. ఇది మీకు తెలిసే డిఫాల్ట్ ప్రివిలేజెస్ దాకా వచ్చారు. తిరకాసంతా అక్కడే ఉంది. ఆ కమాండ్‌లో స్కీమా పేరు రాస్తాం కాబట్టి ఆ స్కీమాలో ఎవరు టేబుల్ చేసినా వర్తిస్తుందనుకుంటాం. కాదు. టేబుల్ ఏ రోల్ (పోస్ట్‌గ్రెస్‌లో యూజర్నీ, యూజర్ల గుంపునీ రోల్ అనే అంటారు) చేస్తుందో దాన్ని బట్టి వర్తిస్తుంది. ‘ఫర్ రోల్’ రాయకపోతే, కమాండ్ కొట్టిన రోల్ ఇకపై చేసే టేబుల్స్‌కి మాత్రమే. నేను సూపర్‌యూజర్‌గా లాగినై కొట్టాను, మా మైగ్రేషన్లేమో (టేబుల్స్ చేసే, మార్చే స్క్రిప్టులు) యాప్_ఓనర్ అనే రోల్ పేరుతో నడిచేవి. సూపర్‌యూజర్‌గా నేను జన్మలో ఒక్క టేబుల్ చేసింది లేదు!

పోస్ట్‌గ్రెస్‌కి కమాండ్లు కొట్టే పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్ డీడీపీ కొట్టండి, డిఫాల్ట్ ప్రివిలేజెస్ జాబితా వస్తుంది, అందులో ఓనర్ కాలమ్ చూడండి. తర్వాత బ్యాక్‌స్లాష్ డీటీ సేల్స్.* కొట్టి ఆ కొత్త టేబుల్ ఓనర్ ఎవరో చూడండి. నాకు ఒకచోట పోస్ట్‌గ్రెస్ (ఆ సూపర్‌యూజర్ పేరు అదే), ఇంకోచోట యాప్_ఓనర్ అని కనిపించాయి. మీకూ అలాగే ఉంటే మందు ఇదే:

ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్ ఫర్ రోల్ యాప్_ఓనర్ ఇన్ స్కీమా సేల్స్ గ్రాంట్ సెలెక్ట్ ఆన్ టేబుల్స్ టు రిపోర్ట్_రీడ్;

ఇది పాత టేబుల్స్‌ని ముట్టుకోదు కాబట్టి వాటికి మామూలు గ్రాంట్ ఇంకొక్కసారి కొట్టాలి. ఎర్రర్‌లో ‘ఫర్ టేబుల్’ బదులు ‘ఫర్ స్కీమా’ అని ఉంటే మాత్రం కథ వేరు, స్కీమా మీద యూసేజ్, అంటే అందులోకి అడుగుపెట్టే అనుమతి, ఇవ్వలేదన్నమాట.

పై కమాండ్‌లోని రిపోర్ట్_రీడ్ అన్నది లాగిన్ లేని రోల్. మనుషుల యూజర్లకి ఆ రోల్‌ని గ్రాంట్ చేస్తాను, టేబుల్స్ మీద నేరుగా ఏమీ ఇవ్వను. నేరుగా ఇస్తే ఆ మనిషి ఉద్యోగం మానేసిన రోజు ఆ యూజర్‌ని తీసేసే డ్రాప్ రోల్ కమాండ్ మొరాయిస్తుంది, ఒక్కో డేటాబేస్‌లోకీ వెళ్లి డ్రాప్ ఓన్డ్ కొట్టుకుంటూ కూర్చోవాలి.

వెర్షన్ 14 నుంచి పీజీ_రీడ్_ఆల్_డేటా అని రెడీమేడ్ రోల్ ఉంది, అదిచ్చేస్తే పోదా అంటారేమో. పోతుంది, కానీ ఆ సర్వర్ మీదున్న జీతాల టేబుల్ కూడా చదివేస్తారు. నేనైతే ఇవ్వను.

మీ దగ్గర ఇద్దరు ముగ్గురు డెవలపర్లు ఎవరి లాగిన్‌తో వాళ్లు టేబుల్స్ చేస్తుంటే, పై కమాండ్ ఒక్కొక్కరి పేరుతో విడిగా కొట్టాలి. లేదా టేబుల్ చేసే ముందు సెట్ రోల్ యాప్_ఓనర్ కొట్టమనండి. మా వాళ్లు రెండోదానికే ఒప్పుకున్నారు, కాస్త గొణిగాక.