పాత అంబాసిడర్ అమ్ముతున్నారా? తాళం చెవి ఇచ్చే ముందు ఆర్సీ పుస్తకం తెరవండి

ప్రశ్న: మాది తెనాలి. మా నాన్నగారు 1968లో కొత్తగా కొన్న అంబాసిడర్ మార్క్ 2 పదేళ్లకు పైగా షెడ్డులోనే పడి ఉంది. నాన్నగారు 2019లో పోయారు. వీలునామా రాయలేదు. అమ్మ, నేను, ఇద్దరు చెల్లెళ్లు ఉన్నాం. ఆర్సీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది, గడువు ఎప్పుడో తీరిపోయింది. 1990ల్లో పెట్రోలు ఇంజిన్ తీయించి డీజిల్ ఇంజిన్ వేయించారు. ఇప్పుడు ఫ్లోరు తుప్పు పట్టింది, బ్రేకులు పట్టవు. హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి చూసి, రెండున్నర లక్షలకు మాట్లాడుకుని 50 వేలు అడ్వాన్సు ఇచ్చారు. ‘ఉన్నది ఉన్నట్టు తీసుకుంటా, ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టివ్వండి, పేపర్ల పని నేను చూసుకుంటా, వింటేజ్ నంబరు కూడా వస్తుంది’ అంటున్నారు. మా మెకానిక్కేమో ‘ఒక లక్ష పెట్టి పుట్టీ, పెయింటు కొట్టిద్దాం, నాలుగు లక్షలకు పోతుంది’ అంటున్నాడు. గేర్‌బాక్సు అతని షెడ్డులోనే ఉంది. పాత బాకీ తీరిస్తేనే ఇస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ఖాళీ ఫారాలు పక్కన పెట్టండి. అమ్మకానికి వాడే ఫారం 29, ఫారం 30ల మీద అమ్మేవారిగా సంతకం పెట్టాల్సింది ఆర్సీలో పేరున్న యజమాని. మీ కారుకు ఆ యజమాని మీ నాన్నగారు. ఆయన లేరు. మీ పేరుతో సంతకం పెడితే ఆర్టీఓ ఆఫీసులో చెల్లదు. ఆయన పేరుతో పెడితే ఫోర్జరీ అవుతుంది. కొనేవారికి దురుద్దేశం లేకపోవచ్చు. పాత కార్ల బేరాల్లో ఇది మామూలుగా జరిగే పద్ధతే. కానీ తర్వాత చిక్కుల్లో పడేది సంతకం పెట్టినవారే.

మరి కారు ఎవరిది? వీలునామా లేదు కాబట్టి హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం మీ అమ్మగారికి, మీకు, ఇద్దరు చెల్లెళ్లకు సమానంగా నాలుగు వాటాలు. మీ నాయనమ్మగారు 2019 నాటికి బతికి ఉంటే ఆవిడకూ ఒక వాటా ఉంటుంది. పెళ్లిళ్లై వెళ్లిపోయారు కదా అని చెల్లెళ్లను వదిలేయకండి. వాళ్లు సంతకం చేయకుండా మీరు అమ్మగలిగేది మీ పావు వాటానే. మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి. మిగతా ముగ్గురి దగ్గరా ‘మాకు అభ్యంతరం లేదు’ అని నోటరీ అఫిడవిట్లు తీసుకుని, మరణ ధ్రువపత్రం జతచేసి, ఫారం 31తో కారును మీ పేరుకో అమ్మగారి పేరుకో మార్పించండి. నిజానికి మరణం తర్వాత మూడు నెలల్లో చేయాల్సిన పని ఇది. ఆలస్యానికి రుసుము కట్టించుకుంటారు, అంతే. వారసత్వ హక్కు పోదు. కారు వివరాలు ఆన్‌లైన్‌లో కనిపించకపోతే కంగారు పడకండి. పుస్తకం ఆర్సీల కాలం నాటి బండ్లకు ఇది మామూలే. ఆఫీసులో బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించాలి, అంటే పాత రికార్డును కంప్యూటర్‌లోకి ఎక్కించాలి.

ఈలోగా మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. ఆర్సీ పుస్తకం, టార్చిలైటు పట్టుకుని షెడ్డులోకి వెళ్లండి. పుస్తకంలో ఇంజిన్ నంబరు, చాసిస్ (బండి చట్రం) నంబరు, ఇంధనం అని మూడు చోట్ల ఏం రాసుందో చూడండి. వెనక పేజీల్లో డీజిల్‌కు మార్చినట్టు ఆఫీసు ముద్రతో ఎంట్రీ ఉందేమో వెతకండి. తర్వాత బానెట్ ఎత్తి, చాసిస్ నంబరు ఉన్నచోట కిరోసిన్ గుడ్డతో తుడిచి, పైన తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. అంకెలు కాగితం మీద తేలతాయి. బండిని వేరే రాష్ట్రానికి పంపేందుకు ఇచ్చే నిరభ్యంతర పత్రానికి (ఎన్ఓసీ) వెళ్లినా ఆ పెన్సిల్ ప్రింటే అడుగుతారు. తుప్పు వల్ల ఒక్క అంకె చదవలేకపోయినా ఆ సంగతి ఇప్పుడే తెలియాలి. కొనేవారు హైదరాబాద్‌లో కనిపెడితే కథ వేరేగా నడుస్తుంది.

ఇంజిన్ మార్పు ఆర్సీలో ఎక్కి ఉంటే చిక్కు లేదు. ఎక్కకపోతే, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అనుమతి లేని మార్పు కిందికి వస్తుంది. ఆ డీజిల్ ఇంజిన్ ఎక్కడ కొన్నారో చూపే బిల్లు అడుగుతారు. నాన్నగారి పాత ఫైళ్లు తిరగేయండి. అన్నట్టు, తీసేసిన పెట్రోలు ఇంజిన్ షెడ్డు మూల గోనెసంచుల కింద ఎక్కడైనా ఉందా? ఉంటే పాతసామాన్లవాడికి తూకానికి వేయకండి. మీ మెకానిక్ చెప్పే పెయింటు కన్నా దాని విలువ ఎక్కువ. ఎందుకో చెబుతాను.

వింటేజ్ నంబరు సంగతి 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చారు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కార్లు, ద్విచక్ర వాహనాలు దీని కిందికి వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. నంబరులో రాష్ట్రం కోడ్ పక్కన ‘వీఏ’ అని వస్తుంది. ఇదివరకే రిజిస్టరై ఉన్న బండి తన పాత నంబరే ఉంచుకోవచ్చు. మూడక్షరాల పాత నంబర్ల మీద మోజున్నవాళ్లకు అసలు ఆకర్షణ అదే. వయసు లెక్కన మీ కారు పాసైంది. కానీ బండి అసలు రూపంలో ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదని ఆ నిబంధనే చెబుతుంది. డీజిల్ ఇంజిన్ అడ్డు తగిలేది అక్కడే, తీసేసిన పెట్రోలు ఇంజిన్‌కు విలువ వచ్చేదీ అక్కడే. కాబట్టి ‘వింటేజ్ నంబరు వస్తుంది’ అనే మాట మీ నోట రాకూడదు, అగ్రిమెంటులో అసలే ఉండకూడదు. ‘ఆ రిజిస్ట్రేషన్ వస్తుందని అమ్మేవారు హామీ ఇవ్వలేదు’ అని రాయించండి. వచ్చినా రోజువారీ తిరగడానికి పనికిరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోడ్డెక్కకూడదు. పెళ్లిళ్లకు అద్దెకు తిప్పుదామనుకుంటే కుదరదు.

ఇక పుట్టీ. మీ మెకానిక్ సలహాలో నాకు నచ్చనిది ఇదే. కాంట్రాక్టు చట్టం, 1872లో మోసాన్ని వివరించే సెక్షన్ 17 కింద ఒక గుర్రం ఉదాహరణ ఉంది. గుర్రానికి జబ్బుందని తెలిసి కూడా అమ్మేవాడు వేలంలో నోరు మెదపకపోతే, అంతమాత్రాన అది మోసం కాదు. కానీ కొనేవాడు ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటా’ అన్నప్పుడు మౌనంగా ఉంటే, ఆ మౌనం మాటతో సమానం. అదే సెక్షన్ ఇంకో మాట కూడా అంటుంది: తెలిసిన లోపాన్ని పనిగట్టుకుని దాచిపెట్టడం మోసమే. తుప్పు పట్టిన ఫ్లోరు గురించి చెప్పకపోవడం వేరు, దానిమీద పుట్టీ మెత్తి రంగు కొట్టడం వేరు. రెండోదానితో కొనేవారికి ఒప్పందం రద్దు చేసుకునే హక్కు వస్తుంది. విషయం చీటింగ్ కేసు దాకా కూడా వెళ్లవచ్చు.

ఈ బేరంలో మీకు రక్షణ కారు ఇప్పుడున్న స్థితే. సరుకుల అమ్మకం చట్టం, 1930 సెక్షన్ 16 ప్రకారం, మామూలు మనిషి అమ్మే పాత వస్తువు నాణ్యతకు చట్టం తనంతట తాను హామీ తగిలించదు. చూసుకోవాల్సింది కొనేవారే. ‘ఉన్నది ఉన్నట్టు’ అన్న మాటకు తోడు లోపాలు పేరుపేరునా రాయండి: ఫ్లోరు తుప్పు, బ్రేకులు పనిచేయవు, వైరింగ్ సరిగా లేదు, ఇంజిన్ మార్చారు, గేర్‌బాక్సు విప్పి ఉంది, మైలేజీ మీటరుకు గ్యారంటీ లేదు. ఆయన తన మెకానిక్‌తో చూపించుకున్న తేదీ కూడా రాయండి. తుప్పు ఫొటోలు తీసి, వెనక ఆయన సంతకం తీసుకుంటే మరీ మంచిది.

‘మేమే బాగుచేసి అప్పగిస్తాం’ అని మాత్రం ఒప్పుకోకండి. అదే చట్టం సెక్షన్ 21 ప్రకారం, అమ్మేవారు ఏదైనా పనిచేసి ఇవ్వాల్సి ఉంటే, ఆ పని పూర్తయి కొనేవారికి తెలిసేదాకా యాజమాన్యం చేతులు మారదు. అప్పటిదాకా షెడ్డు కూలినా, బండి తగలబడినా ఆ నష్టం మీదే.

అయితే ఒక్క ఖర్చు తప్పకపోవచ్చు. గడువు తీరిన ఆర్సీని రెన్యువల్ చేయాలంటే ఇన్‌స్పెక్టరు బండి చూడాలి. అంటే బ్రేకులు, లైట్లు, హారను, టైర్లు పనిచేయాలి, ఇన్సూరెన్సు ఉండాలి, పొగ పరీక్ష నెగ్గాలి. 20 ఏళ్లు దాటిన కార్లకు రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచారు. దానిమీద ఆలస్య రుసుము ఎంతో ఆఫీసులో లెక్క కట్టించుకోండి. ఆ మొత్తం భరించగలిగితే, నా సలహా: తనిఖీ నెగ్గేంత మటుకే డబ్బు పెట్టండి, పేరు మార్పించండి, రెన్యువల్ చేయించండి, అప్పుడు అమ్మండి. కొనేవారు తెలంగాణ వారు కాబట్టి ఫారం 28తో ఎన్ఓసీ ఇచ్చి పంపాలి. అక్కడి ట్యాక్సు ఆయన చూసుకుంటారు.

భరించలేకపోతే, కారు వారసత్వంగా మీకు వచ్చిందని, ఆర్సీ గడువు తీరిందని, రెన్యువల్ ఖర్చు, బాధ్యత ఆయనవని రాసుకుని అమ్మవచ్చు. అప్పుడు పేరు మారేదాకా కారు రోడ్డెక్కకూడదని, లారీ మీదే తీసుకెళ్లాలని షరతు పెట్టండి. గడువు తేదీ వేయండి. బేరంలో కొంత సొమ్ము పేరు మారాకే ముట్టేలా కాక, ముందే పూర్తిగా మీ ఖాతాలో పడేలా చూసుకోండి. కారు అప్పగించిన తేదీ, గంటతో సహా డెలివరీ లెటర్ రాసుకుని, ఒక కాపీ ఆర్టీఓ ఆఫీసులో ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిన సంగతి ఒకటుంది. ఒకాయన 2007లో కారు అమ్మేశాడు. అది చేతులు మారుతూ పోయింది, ఆర్సీలో పేరు మాత్రం మారలేదు. 2009లో ప్రమాదం జరిగి ఒక పిల్లాడు చనిపోయాడు. పరిహారం ఎవరు కట్టాలి? ఆర్సీలో పేరున్న మొదటివాడే అంది కోర్టు. అప్పటికి ఆ మనిషి ఆ బండిని అమ్మేసి దాదాపు రెండేళ్లైంది. బ్రేకులు పట్టని మీ కారును ‘ఒక్కసారి వీధి చివరిదాకా నడిపి చూస్తా’ అంటే కూడా ఒప్పుకోకండి.

గేర్‌బాక్సు విషయంలో మెకానిక్‌కు కొంత న్యాయం ఉంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ప్రకారం, ఆ వస్తువు మీద తాను చేసిన పనికి కూలి ముట్టేదాకా అట్టిపెట్టుకోవచ్చు. కానీ ఆ గేర్‌బాక్సు పనికి మాత్రమే. ఎప్పటిదో వేరే బండి బాకీకి దీన్ని పట్టుకు కూర్చునే హక్కు లేదు. బిల్లు రాసిమ్మనండి, ఈ పనికి ఎంతైతే అంత కట్టి తెచ్చుకోండి.

డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. ఒకే లావాదేవీలో రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకుంటే, తీసుకున్నంత మొత్తం జరిమానా పడుతుంది. అడ్వాన్సు నగదుగా వచ్చి ఉంటే, రసీదు ఇచ్చి అగ్రిమెంటులో చూపండి. మీరు వ్యాపారి కాదు కాబట్టి జీఎస్టీ గొడవ లేదు. కుటుంబం సొంతానికి వాడుకున్న కారు కాబట్టి మూలధన లాభాల పన్ను కూడా మామూలుగా రాదు. అయితే ‘వాడుకోగలిగిన కారు’ అంటే చాలదు, నిజంగా వాడినట్టు చూపాలి అని 2025లో బొంబాయి హైకోర్టు ఒక 1931 ఫోర్డు కారు కేసులో చెప్పింది. అందుకని నాన్నగారి పాత ఇన్సూరెన్సు కాగితాలు, సర్వీసు బిల్లులు, కారు కనిపించే కుటుంబ ఫొటోలు రెండుమూడు ఒక ఫైల్లో పెట్టి ఉంచండి.