సమాధానం: నల్గొండ నుంచి మెదక్ చర్చికి కారులో

అన్నా, మోకాళ్ల నొప్పులున్న అమ్మను క్రిస్మస్ నాడు మెదక్ చర్చికి కారుల తీస్కపోతే పార్కింగ్ దొరుకుతదా అని అడిగినవు. ఆ ఒక్కరోజు వద్దు, అన్నా. 1924ల క్రిస్మస్ నాడే ప్రతిష్ఠ జరిగిన చర్చి అది. తెల్లారకముందే ఆరాధన, ఇసుకేస్తే రాలనంత జనం. బండ్లు దూరంగనే ఆపుతరు, అమ్మ అంత నడవలేదు. పండుగ దాటినంక, ఆదివారం కాని రోజు చూస్కో.

నార్కట్‌పల్లి మీదుగ వచ్చి పెద్ద అంబర్‌పేట కాడ హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కు. ఘట్‌కేసర్ దిక్కే తిరుగు, శంషాబాద్ దిక్కు పోతే బాగ చుట్టు. దుండిగల్‌ల దిగితే నర్సాపూర్ రోడ్డు నేరుగ మెదక్ పోతది. ముందు అమ్మను గేటు కాడ దించు, తర్వాతనే బండికి జాగ చూడు. బస్సైతే హైదరాబాద్‌ల ఎంజీబీఎస్ బస్టాండు కాడ దిగు, అక్కడి నుంచి జేబీఎస్ బస్టాండుకు ఒకటే మెట్రో, లిఫ్టుంటది. జేబీఎస్ కాడ మెదక్ బస్సెక్కాలె.