ముందు ప్రశ్నలు అడగడం ఆపండి

మూడేళ్ల బాబుకి ఆటిజం అన్నారు, మాటలు రావాలంటే ఇంట్లో ఏం చేయాలి అని అడిగారు. నాలుగేళ్ల కిందట నేనూ అందరినీ ఇదే అడుగుతూ తిరిగాను. మా వాడికి ఇప్పుడు ఏడేళ్లు. వినికిడి పరీక్ష చేయించకపోతే ముందు అది చేయించండి. థెరపీల సంగతి డాక్టర్లు చెప్తారు. నేను చెప్పేది ఒక్కటే: బాబుని ప్రశ్నలు అడగడం ఆపేయండి.

అప్పట్లో నేను పొద్దస్తమానం అడుగుతూనే ఉండేదాన్ని. ఇదేంటి? ఇదేం రంగు? కుక్క ఎలా అరుస్తుంది? నేర్పిస్తున్నాననే అనుకున్నాను. ఒకరోజు స్పీచ్ థెరపిస్టు మా ఇద్దరినీ ఆడుకోమని ఐదు నిమిషాలు వీడియో తీసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించారు. అందులో నేను అడిగిన ప్రశ్నలు ముప్పై ఎనిమిది. నేనే లెక్కపెట్టాను. వాడేమో నాకు వీపు పెట్టి బొమ్మకారు చక్రం తిప్పుకుంటున్నాడు. ఒకచోట ఆవిడ వీడియో ఆపి "ఇక్కడ చూడండమ్మా" అన్నారు. కారు మంచం కిందికి దొర్లిపోయింది. వాడు మంచం కిందికి చూశాడు, తల తిప్పి నా మొహంలోకి చూశాడు, మళ్లీ మంచం కిందికి చూశాడు. అంతా కలిపి రెండు సెకన్లు ఉంటుందేమో. సరిగ్గా అప్పుడే నేను ఫ్లాష్‌కార్డు పైకెత్తి "ఇదేం జంతువు?" అంటున్నాను. నా బిడ్డ నన్ను సాయం అడిగాడు, నేను వినిపించుకోలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాటి నుంచి పద్ధతి మార్చాను. వాడికి సబ్బు బుడగలంటే ప్రాణం. ఒకసారి ఊది, మూత బిగించి, సీసాని ఇద్దరి మధ్యా పెట్టి ఊరుకున్నాను. మనసులో పది లెక్కపెట్టమన్నారు ఆవిడ. మాట్లాడకుండా పది అంకెలు దాటడం ఎంత కష్టమో మీరే చూస్తారు. ఎనిమిది దగ్గర వాడి చెయ్యి వచ్చింది. నా చూపుడువేలు పట్టుకుని తీసుకెళ్లి మూత మీద పెట్టాడు. "అమ్మో, గట్టిగా ఉంది!" అంటూ మూత తిప్పి వెంటనే ఊదాను.

"ముందు నోటితో చెప్పు, అప్పుడే ఇస్తా" అనలేదు. చాలామంది అదే సలహా ఇస్తారు, నాకు అస్సలు గిట్టదు. వేలు పట్టుకుని మూత మీద పెట్టినవాడు చెప్పాల్సింది చెప్పేశాడు కదా! జవాబు దొరికిన పిల్లాడే మళ్లీ అడుగుతాడు.

రోజూ అదే ఆట, అదే మాట. రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం బూటు తెచ్చి నా ఒళ్లో పెట్టి "గట్టిగా ఉంది" అన్నాడు. బూటు వదులుగానే ఉంది. వాడి లెక్కలో ఆ మాటకి అర్థం 'విప్పు' అని. తలుపు తీయమన్నా అదే, డబ్బా మూత తీయమన్నా అదే. చుట్టాలు మాత్రం చిలకపలుకులని కొట్టిపారేశారు. దీన్ని ఎకోలాలియా అంటారు. విన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టుగా ఎత్తుకుని తన అవసరానికి వాడుకోవడం. చాలామంది ఆటిజం పిల్లలు ఈ దారిలోనే భాషలోకి వస్తారు. 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఆటిజం మీద, 11 మంది పిల్లల గురించి రాసిన తొలి వ్యాసంలోనే ఒక బాబు ఉన్నాడు. కుక్కని బాల్కనీ నుంచి పడేయొద్దు అని సంబంధం లేకుండా అంటుండేవాడు. ఎప్పుడో బొమ్మకుక్క విషయంలో వాళ్లమ్మ అన్న మాట అది. కాబట్టి మీ బాబు అర్థం లేనిదేదో అంటున్నాడనిపిస్తే, ఆ మాట మొదట ఎప్పుడు విన్నాడో వెతకండి.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. మేం మొదట థెరపీకి వెళ్లినచోట తలుపు వేసేసి, నలభై ఐదు నిమిషాలు నన్ను బయట కూర్చోబెట్టేవారు. లోపల ఏం చేశారో చెప్పేవారు కాదు. వారంలో మిగతా సమయమంతా బిడ్డ ఉండేది మన దగ్గరేగా, మనకి నేర్పకపోతే ఎలా? బ్రిటన్‌లో 152 మంది చిన్నపిల్లలతో పాక్ట్ అనే పరిశోధన చేశారు, 2010లో ఫలితాలు వచ్చాయి. తల్లిదండ్రులకి వాళ్ల వీడియోలే చూపిస్తూ నేర్పితే, వాళ్లు స్పందించే తీరు మెరుగైంది, పిల్లలు తమంతట తాము చొరవ తీసుకోవడం పెరిగింది. అయినా తలుపులు మూసే ఉంటున్నాయి. ఇంట్లో రెండు భాషలు వద్దు, ఒక్కటే మాట్లాడమన్నారు, అదీ తప్పే. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లలు వెనకబడరు. కావాల్సింది బొమ్మ చూపించి అడిగే కార్డులు, ట్యాబ్ అలవాటైతే ఇక మాటలే రావన్నారు. మా వాడు కార్డు నా చేతికిచ్చాకే, ఆ బొమ్మ పేరు పలకడం మొదలుపెట్టాడు.

ఈ సాయంత్రమే ఫోన్‌ని ఎక్కడైనా ఆనించి, మీరిద్దరూ ఆడుకునేటప్పుడు ఐదు నిమిషాలు వీడియో తీసుకోండి. బాబు పడుకున్నాక సౌండ్ పూర్తిగా తగ్గించి చూడండి. మీ వైపు ఎన్నిసార్లు చూశాడో లెక్కపెట్టండి.