స్కూటర్ కొనే ముందు మన సముద్రంలో వలల సంగతి చూసుకోండి

అండమాన్‌లో స్కూబా అడ్వాన్స్‌డ్ కోర్సు పూర్తి చేశానని, అండర్‌వాటర్ స్కూటర్ (నీటి అడుగున మనల్ని లాక్కెళ్లే బ్యాటరీ మోటారు) ఒకటి కొనుక్కుని మన ఉత్తరాంధ్ర తీరంలో భీమిలి, చింతపల్లి, బారువ వైపు డైవ్ చేస్తే ఎలా ఉంటుందని అడిగారు. నాది విజయనగరం, ఈ తీరంలో చాలాకాలంగా డైవ్ చేస్తున్నాను. ఇప్పుడే కొనకండి అంటాను.

స్కూటర్ అనగానే అందరూ స్పీడ్ గురించే మాట్లాడతారు. చేత్తో పట్టుకునే చిన్న రకాలు చాలావరకు గంటకు ఐదారు కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతాయి, ఆ మాత్రం దానికి అంత మోజు దేనికి? దాని అసలు ఉపయోగం ఊపిరి. నీటి వడికి ఎదురుగా ఫిన్స్ (కాళ్లకు తొడుక్కునే రెక్కలు) కొట్టుకుంటూ పోతే సిలిండర్ ఇట్టే ఖాళీ అయిపోతుంది, మోటారు లాగుతుంటే మీరు నింపాదిగా గాలి పీల్చుకోవచ్చు. బాగా లోతుకు, గుహల్లోకి వెళ్లే టెక్నికల్ డైవర్లకు అది ప్రాణంతో సమానం. 2007లో ఫ్లోరిడాలో ఇద్దరు డైవర్లు టర్నర్ సింక్ అనే నీటి గుంట దగ్గర దిగి, నీటి గుహల్లో దాదాపు 11 కిలోమీటర్లు వెళ్లి వకుల్లా స్ప్రింగ్ అనే ఊటలో తేలారు. సుమారు 90 మీటర్ల లోతులో అంత దూరం స్కూటర్లు లేకుండా ఊహించలేం. కానీ వాళ్లు గాలి లెక్క వేసినట్టే బ్యాటరీ లెక్కా వేస్తారు, ఒకరి స్కూటర్ ఆగిపోతే రెండోవాళ్లు లాక్కొచ్చేలా ప్రాక్టీస్ చేస్తారు. మనవాళ్లు రీల్స్ చూసి కొంటున్నారు, తేడా అక్కడే ఉంది.

చింతపల్లి ఎదురుగా నడి సముద్రంలో రాళ్లున్నాయి. ఓడలు వాటికి తగలకుండా హెచ్చరించడానికే 1847లో అక్కడ లైట్‌హౌస్ కట్టారు. ఆ వైపు ఒకసారి హైదరాబాద్ నుంచి వచ్చిన మిత్రుడితో దిగాను. రెండు ప్రొపెల్లర్ల చిన్న స్కూటర్, రెండు చేతులతో ముందుకు పట్టుకునేది, తాడు మణికట్టుకు తగిలించుకున్నాడు. అడుగున నీళ్లు పచ్చగా ఉన్నాయి, ఐదారు మీటర్లకు మించి కనపడటం లేదు. నాకు ముందు వెళ్తున్న అతని ఫిన్స్ ఉన్నట్టుండి ఆగిపోయాయి. అప్పటిదాకా సన్నగా వినిపిస్తున్న మోటారు గుర్రుమంటోంది. దగ్గరికెళ్లి చూస్తే రాయికి చిక్కి తెగిపోయిన టంగూసు (సన్నని నైలాన్ దారం) వల. నీళ్లలో టంగూసు కనపడనే కనపడదు, దాని మీద నాచు పట్టిన చోట మాత్రం వెంట్రుక మందాన గీత కనిపించింది. ప్రొపెల్లర్ దాన్ని లోపలికి లాగేసుకుంది, తాడుతో పాటు అతని చెయ్యి కూడా వల దగ్గరికి వచ్చేసింది, కంగారులో ట్రిగ్గర్ వదలడం లేదు. ముందు అతని వేళ్లు విడదీశాను, తర్వాత మణికట్టు తాడు తీసేశాను. కత్తి పెడితే టంగూసు జారిపోతుంది, తెగదు, అందుకే నేను ఎప్పుడూ నర్సుల దగ్గర ఉండే మొద్దు మొన కత్తెర పెట్టుకుంటాను. దాంతో ఒక్కో పోగూ కోసుకుంటూ వచ్చాను. అతని సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే గేజ్ చూస్తే కాసేపటి క్రితం 120 బార్ ఉన్నది 70కి పడిపోయింది. అంత టెన్షన్‌లో ఎవరైనా అలాగే పీలుస్తారు. మెల్లగా, సేఫ్టీ స్టాప్ (పైకి వచ్చే దారిలో కాసేపు ఆగడం) చేసుకునే పైకి వచ్చాం.

బోటు మీద పెద్దాయన అన్న మాట ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను: "బావూ, మా బోటు ఫ్యానుకి సుట్టుకుంటేనే గంట పడతాది, నీట్లో మీ సేతికి సుట్టుకుంటే ఏటి సేత్తారు?" ఎక్కడెక్కడ వలలు తెగాయో ఆయనకు కంఠతా వచ్చు. నాకు బాధ కలిగేది ఇక్కడే. ఆ వలలు ఏళ్ల తరబడి అడుగునే పడి చేపల్ని, తాబేళ్లని చంపుతూనే ఉంటాయి. మన తీరానికి ఏటా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఎన్నో చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. మత్స్యకార కుర్రాళ్లకు స్కూబా నేర్పి, జీతమిచ్చి ఆ వలలు తీయిస్తే ఎంత బాగుంటుంది! గుజరాత్ దాకా వెళ్లి బోట్ల మీద కూలికి పనిచేసే మన శ్రీకాకుళం కుర్రాళ్లకు ఊళ్లోనే పని దొరుకుతుంది. దీన్ని పట్టించుకునే నాథుడు లేడు, టూరిజం అంటే బీచ్‌లో బొమ్మలు పెట్టడమే అనుకుంటారు.

సరే, మీ ప్రశ్నకు వస్తాను. వల లేకపోయినా ప్రమాదం ఉంది. ట్రిగ్గర్ నొక్కి స్కూటర్ ముక్కు కాస్త పైకెత్తితే మీకు తెలియకుండానే పైకి వచ్చేస్తారు. 10 మీటర్ల నుంచి పైకి వచ్చేసరికి ఊపిరితిత్తుల్లో గాలి ఉబ్బి రెట్టింపు అవుతుంది, ఊపిరి బిగపట్టారంటే అంతే సంగతులు. నిమిషానికి 9 మీటర్లు మించి పైకి రాకూడదని కోర్సులో చెప్పే ఉంటారు, స్కూటర్ చేతిలో ఉంటే అది గుర్తుండదు. అందుకని చేతులు కదపకుండా ఒకేచోట నిలకడగా తేలడం వచ్చేదాకా దాని జోలికి వెళ్లకండి. వచ్చాక అండమాన్‌లోనో ఇంకెక్కడైనా నీళ్లు తేటగా ఉన్నచోట అద్దెకు తీసుకుని, నేర్పేవాళ్లను పక్కన పెట్టుకుని నడపండి.

అప్పటికీ కొనాలనిపిస్తే బ్యాటరీ మీద వాట్ అవర్ (దాని సామర్థ్యం) ఎంతుందో చూసి కొనండి. 100 దాటితే విమానంలో ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, 160 దాటితే ప్యాసింజర్ లగేజీలో అసలు రానివ్వరు. పెద్ద టెక్నికల్ స్కూటర్లన్నీ ఆ లెక్క దాటేవే. ఇక చింతపల్లి వైపు దిగే రోజున స్కూటర్ బోటులోనే వదిలేసి, కత్తెర మాత్రం తెచ్చుకోండి.