ఐదేళ్లు కావస్తున్నా మావాడు ఇంకా కెమిస్టే, ఉద్యోగం మానిపించమంటారా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. రిటైర్డ్ టీచర్ని. మా అబ్బాయి ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చేసి, పైడిభీమవరంలో ఒక ఫార్మా కంపెనీ ప్రొడక్షన్‌లో పనిచేస్తున్నాడు. నాలుగేళ్ల ఎనిమిది నెలలైంది. వాడి తరవాత చేరినవాళ్లకు కెమిస్ట్ పైన ఉండే ఎగ్జిక్యూటివ్ హోదా ఇచ్చారు, వీడికి లేదు. అంతా ఆఫీసు రాజకీయాలంటాడు. తెలిసిన నాయకుడి చేత హెచ్ఆర్‌కి ఫోన్ చేయించినా ఫలితం లేదు. మానిపించి హైదరాబాద్‌లో డేటా సైన్స్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. పెళ్లి సంబంధాలు కూడా చూస్తున్నాం. ఉద్యోగమా, కోర్సా, ఏది మేలు?

జవాబు: మాస్టారూ, ఇంక్రిమెంట్ లెటర్లు చేతికొచ్చే రోజుల్లో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. మీ ఉత్తరంలో బరువంతా పెళ్లి సంబంధాల మాట దగ్గరే ఉంది. "ఇంకా కెమిస్టేనా?" అని ఎవరో అడిగుంటారు, అది మీకు గుచ్చుకుంది. ఫార్మాలో హోదాల పేర్లు కంపెనీకో రకం. ఒకచోట సీనియర్ కెమిస్ట్ చేసే పనినే ఇంకోచోట ఎగ్జిక్యూటివ్ అంటారు. ఇన్నేళ్లు జీఎంపీ (మందుల తయారీకి పెట్టిన నాణ్యతా నియమాలు) పాటించే ప్లాంటులో షిఫ్టులు చేసి, ఆడిట్లు చూసిన కుర్రాడు వెనకబడ్డవాడేమీ కాదు.

మీకు కోపం వచ్చినా ఒక మాట చెప్పాలి. ఆ ఫోన్ చేయించకుండా ఉండాల్సింది. ప్రమోషన్‌కి పేరు పంపేది సెక్షన్ ఇన్‌చార్జి, ఒప్పుకునేది డిపార్ట్‌మెంట్ హెడ్. హెచ్ఆర్ ఖాళీ, బడ్జెట్ చూసి లెటర్ ఇస్తుంది, అంతే. నాయకుడి ఫోన్ సంగతి ఆ సాయంత్రానికే హెడ్ చెవిన పడుతుంది. నన్ను దాటి వెళ్లాడని ఆయన మనసులో పెట్టుకుంటాడు. రాజకీయాలని మీరు ఎవరినో అంటున్నారు గానీ, ఇందులో మీవంతు కూడా ఉంది. ఇకమీద వాడి ఉద్యోగం గురించి వాడినే మాట్లాడుకోనివ్వండి.

రాజకీయాలు లేవని నేననను. మనవాడు, బయటివాడు, ఫలానా వాళ్ల మనిషి, ఇవన్నీ ఉంటాయి. అయితే చాలాసార్లు అసలు అడ్డం ఖాళీ లేకపోవడం. ఒక బ్లాక్‌లో, అంటే ప్లాంటులోని ఒక తయారీ విభాగంలో, షిఫ్ట్ ఇన్‌చార్జిలు షిఫ్టుకొకరు. వాళ్లలో ఎవరూ కదలకపోతే కిందివాడు ఎంత చేసినా హోదా మారదు. ప్రమోషన్ వచ్చినవాళ్లు ఏ బ్లాక్‌లో ఉన్నారో మీవాణ్ని ముందు కనుక్కోమనండి. కొత్త బ్లాక్‌లోనో, క్యూఏలోనో (నాణ్యత చూసే విభాగం) అయితే వాడు అడగాల్సింది ట్రాన్స్‌ఫర్. అదే బ్లాక్, అదే పని అయితే అప్పుడు నేరుగా బాస్ దగ్గర కూర్చోవాలి.

అడగడానికీ వేళ ఉంది. ఏప్రిల్ నుంచి మార్చి లెక్కన నడిచే కంపెనీలో జనవరిలో అడగాలి. ఫిబ్రవరి, మార్చిల్లో సెల్ఫ్ అప్రైజల్ ఫారాలు పైకి వెళ్తాయి. అక్కడ అన్ని డిపార్ట్‌మెంట్ల రేటింగులూ పక్కపక్కన పెట్టి, పై రేటింగ్ ఇంతమందికే అని కోత వేస్తారు. లెటర్లు వచ్చాక పోట్లాడితే జాబితా మారదు, పేరు మాత్రం చెడుతుంది. "నాకెందుకు ఇవ్వలేదు" అంటే వాదన మొదలవుతుంది. "వచ్చే ఏడాది నా పేరు పంపాలంటే నేనేం చేసి చూపాలి సర్?" అంటే ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు. ఆ జవాబును అదే రోజు రెండు లైన్ల మెయిల్‌గా ఆయనకే పంపాలి. బాస్ బదిలీ అయిపోయినా అది మిగులుతుంది.

ఫారంలో "ఇచ్చిన పని సకాలంలో చేశాను" అని రాస్తే ఎవరూ చదవరు. ఎన్ని బ్యాచ్‌లు తీశాడు, ఎన్ని డీవియేషన్లు (నిర్ణీత పద్ధతి తప్పిన సందర్భాలు) విచారించి గడువులో మూశాడు, ఎందరు ట్రైనీలకు పని నేర్పాడు, ఆడిట్‌లో తన ఏరియాకు ఎన్ని అబ్జర్వేషన్లు (ఎత్తిచూపిన లోపాలు) వచ్చాయి, అలా రాయాలి. ఉదాహరణకు: "సెంట్రిఫ్యూజ్ అన్‌లోడింగ్ 4 గంటల నుంచి 3 గంటలకు తగ్గింది, ఛేంజ్ కంట్రోల్ (మార్పుకు ముందే రాతపూర్వక అనుమతి తీసుకునే పద్ధతి) ద్వారా అమలైంది." ఈ లెక్కలు నెలనెలా సొంత నోట్‌బుక్‌లో రాసుకోవాలి. అంకెలు, తేదీలే. బ్యాచ్ రికార్డుకు ఫోటో తీసినా, ప్రాసెస్ వివరాలు బయటికి తెచ్చినా ఉద్యోగమే పోతుంది.

చేసిన పనికి రావలసిన పేరు వేరేవాళ్లకు పోయేది ఎక్కువగా షిఫ్టు మారేటప్పుడు. సీ షిఫ్టులో రాత్రంతా తిప్పలుపడి సరిచేస్తే, పొద్దున మీటింగ్‌లో చెప్పేది జనరల్ షిఫ్టువాడు. హ్యాండోవర్ బుక్‌లో ఎక్విప్‌మెంట్ నంబరు, టైము, ఏం చేశారో రాసి, బయల్దేరేముందు ఇన్‌చార్జికి చిన్న మెయిల్ పెడితే ఆ పని ఎవరిదో తెలుస్తుంది. ఇక కంపెనీ బస్సు. శ్రీకాకుళంలో ఎక్కి మేనేజర్ని తిట్టిన తిట్టు రణస్థలం దాటకముందే ఆయన ఫోన్‌లో ఉంటుంది. బస్సులో నిద్రపోవడం మంచిది.

ఒక్క విషయంలో మాత్రం మెత్తబడకూడదు. ప్రమోషన్ ఆశ చూపి ఎవరైనా వెనక తేదీతో సంతకం పెట్టమన్నా, వేరేవాడు చేసిన పనికి పెట్టమన్నా పెట్టకూడదు. రేపు యూఎస్ ఎఫ్‌డీఏ (అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ) ఆడిట్‌లో దొరికితే నోటిమాటగా చెప్పినవాడు కనిపించడు, సంతకం పెట్టినవాడే నిలబడాలి.

డేటా సైన్స్ మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. ఆ రంగం చెడ్డదని కాదు. కొన్ని నెలల కోర్సు చేసి బయటికొస్తే మీవాడు అక్కడ ఫ్రెషరే. పక్కన కూర్చునేది నాలుగేళ్లు కోడింగ్ చేసిన బీటెక్ పిల్లలు. పైథాన్, ఎస్‌క్యూఎల్ వస్తే చాలంటారు గానీ, స్టాటిస్టిక్స్ గట్టిగా రాకపోతే మొదటి ఇంటర్వ్యూ దాటరు. "జాబ్ గ్యారంటీ" అని బోర్డు పెట్టినవాళ్లను, పోయిన బ్యాచ్‌లో ఎవరికి, ఏ కంపెనీలో, ఎంత జీతానికి వచ్చిందో రాసిమ్మనండి. ఫీజు వెనక్కిచ్చే షరతు కూడా రాతలో అడగండి. అప్పుడు వాళ్ల మొహం చూడండి. నిజంగా ఆసక్తి ఉంటే ప్లాంటులోనే దారుంది. ప్రతి ప్రాడక్టుకీ ఏటా క్వాలిటీ రివ్యూ తయారుచేస్తారు. అందులో ఈల్డ్ (దిగుబడి), మలినాల ట్రెండ్లు ఎక్సెల్‌లోనో, మినిట్యాబ్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లోనో గీసేవాళ్లు కావాలి. ఆ పనికి చెయ్యెత్తమనండి. స్టాటిస్టిక్స్ పాఠాలు స్వయం, ఎన్‌పీటెల్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికల్లో ఉచితంగా దొరుకుతాయి. ఆరు నెలలు చేశాక కూడా మోజు తగ్గకపోతే కోర్సు సంగతి అప్పుడు చూద్దాం.

కంపెనీ మారడం నాకు అభ్యంతరం కాదు. పరవాడ, అచ్యుతాపురం వైపు ప్లాంట్లున్నాయి. నక్కపల్లి బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) పార్కుకు 2025 జనవరిలో శంకుస్థాపన అయింది గానీ, దాన్ని నమ్ముకుని ఇప్పుడే రాజీనామా చేయకూడదు. పైగా మరో నాలుగు నెలలాగితే ఐదేళ్లు నిండి గ్రాట్యుటీ వస్తుంది. చట్టం ప్రకారం లెక్కకొచ్చే నెల వేతనం 14 వేలనుకుంటే, దాన్ని 15తో హెచ్చించి 26తో భాగించి, ఐదేళ్లకు 40 వేల పైచిలుకు. ఈలోగా ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చు. ఆఫర్ లెటర్ కాగితం మీద చేతికొచ్చాకే రాజీనామా ఇవ్వాలి, నోటీసు పీరియడ్ పూర్తిచేసి రిలీవింగ్ లెటర్ తీసుకోవాలి. పీఎఫ్ మాత్రం విత్‌డ్రా చేయించకండి. అదే యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు) మీద కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ చేయిస్తే పాత సర్వీసు పెన్షన్‌కి కావలసిన పదేళ్లలో కలుస్తుంది.