వెనుక స్పీకర్లు మోగకపోవడానికి కారణం
కంప్యూటరుకు 5.1 స్పీకర్లు (ఐదు స్పీకర్లు, లోతైన శబ్దాలకు ఒక సబ్‌వూఫరు) కొన్నా ముందు రెండే మోగుతున్నాయని మీరు రాశారు. వాటిని మార్చడానికి తొందరపడకండి, ఇలాంటి లోపం ఎక్కువగా తీగల దగ్గరో సెట్టింగుల్లోనో ఉంటుంది. ఆకుపచ్చ పిన్ను ముందు స్పీకర్లకు, నల్లది వెనుకవాటికి, నారింజ రంగుది మధ్య స్పీకరుకూ సబ్‌వూఫరుకూ చెందినవి కనుక, మూడింటినీ సీపీయూ వెనుక అవే రంగుల రంధ్రాల్లో టక్కుమని దిగేదాకా నొక్కండి. తర్వాత విండోస్ సౌండ్ సెట్టింగుల్లో, ప్లేబ్యాక్ కింద స్పీకర్స్‌ను ఎంచుకుని, కాన్ఫిగర్ నొక్కి, స్టీరియోకు (రెండు స్పీకర్ల పద్ధతికి) బదులు 5.1 సరౌండ్ పెట్టి టెస్ట్ చేస్తే ఒక్కో స్పీకరూ వరుసగా మోగుతుంది. పాటలతో మాత్రం పరీక్షించవద్దు, అవి చాలావరకు స్టీరియోలోనే ఉంటాయి. వెనుక స్పీకర్లను గది మూలల్లో కాకుండా, కుర్చీకి ఇరుపక్కలా, మానిటరు వైపు చూపు నుంచి సుమారు 110 డిగ్రీల కోణంలో, అంటే చెవులకన్నా కాస్త వెనుకగా, మీ వైపు తిప్పి ఉంచండి.